మొదటి పాత కారు రిస్టోరేషన్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు, ఏది చివర

మధ్యలో వదిలేసిన ప్రాజెక్టు కార్లు ఎక్కడ అమ్మకానికి వచ్చినా ఒకేలా ఉంటాయి. బాడీ మీద రంగు సగం గీకేసి ఉంటుంది. ఇంజిన్ ఒక మూల, సీట్లు ఇంకో మూల పడి ఉంటాయి. నట్లు, బోల్టులు అన్నీ కలిపి రెండు డబ్బాల్లో పోసి ఉంటాయి. ఆ యజమానుల్లో చాలామందికి పని చేతకాక కాదు, మొదటి ఉత్సాహంలో కారంతా విప్పేసి, తిరిగి బిగించే దశ వచ్చేసరికి ఓపికో, డబ్బో, జ్ఞాపకమో అయిపోయి ఆపేశారు. అందుకే ఈ మార్గదర్శిలో విప్పడం చాలా ఆలస్యంగా వస్తుంది. దానికి ముందు తేల్చుకోవాల్సినవి బోలెడున్నాయి.

ముందు గమ్యం తేల్చుకోండి

పాత కారును "బాగుచేయడం" అంటే కనీసం మూడు వేర్వేరు పనులు. నడిచే స్థితికి తెచ్చి, ఉన్న రంగు, ఉన్న సీట్లతోనే వాడుకోవడం ఒకటి. కారును నడుపుతూనే ఒక్కో భాగాన్ని వరసగా బాగుచేసుకుంటూ పోవడం రెండోది. దీన్ని రోలింగ్ రిస్టోరేషన్ అంటారు. చివరి నట్టు దాకా విప్పి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు మళ్లీ కట్టడం మూడోది.

మొదటి కారుకు రెండో దారే మంచిదని నా అభిప్రాయం. ఈ నెల బ్రేకులు, పై నెల వైరింగ్ అన్నట్టు సాగితే ప్రతి దశ చివరా కారు కదులుతుంది, ఆ కదలికే మీ ఉత్సాహాన్ని నిలబెడుతుంది. మూడో దారి పట్టాల్సిన పరిస్థితి ఒకటే: అడుగు భాగం తుప్పుతో అంతగా తినేసి, బాడీని ఖాళీ చేయకుండా వెల్డింగ్ సాధ్యం కానప్పుడు. అలాంటి కారును మొదటి ప్రాజెక్టుగా కొనకపోవడమే మేలు.

ఇంకో సంగతి. అసలు రంగు, అసలు సీటు గుడ్డ బతికి ఉన్న కారు దొరికితే చెయ్యి వెయ్యడానికి తొందరపడకండి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన టూరిన్ చార్టర్ భద్రపరచడానికీ, పునరుద్ధరించడానికీ స్పష్టమైన తేడా చూపిస్తుంది. ఒకసారి గీకేసిన అసలు రంగు మళ్లీ రాదు. కొద్దిగా వెలిసినా, అక్కడక్కడ గీతలు పడినా, శుభ్రం చేసి మైనం పట్టించిన పాత రంగుకుండే అందం కొత్త రంగుకు ఉండదు.

కారు ఎంపిక: విడిభాగాలు దొరికేదే కొనండి

మనసు పడిన కారు వేరు, మొదటి కారు వేరు కావచ్చు. లక్షల్లో తయారై, నిర్మాణం సాదాగా ఉండి, ఇప్పటికీ భాగాలు కొత్తగా తయారవుతున్న మోడల్ అయితే సగం టెన్షన్ తగ్గుతుంది. 2003 దాకా తయారై 2 కోట్ల 10 లక్షలు దాటిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, 1948 నుంచి 1971 వరకు వచ్చిన మోరిస్ మైనర్, 1962 నుంచి 1980 వరకు వచ్చిన ఎంజీబీ అలాంటివే. ఎంజీబీకైతే 1988 నుంచి పూర్తి బాడీ షెల్‌నే కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. అరుదైన కారు చవగ్గా దొరికిందంటే, దాని ఒక్క హెడ్‌ల్యాంప్ రింగు కోసం ఎంత వెతకాలో ముందే లెక్కేసుకోండి.

కొత్తవాళ్లు ఇంజిన్ ఆడుతోందా లేదా అన్నదాని మీదే కళ్లు పెడతారు. నిజానికి ఇంజిన్ తేలిక వ్యవహారం. బోర్ చేయించవచ్చు, క్రాంక్‌షాఫ్ట్ గ్రైండ్ చేయించవచ్చు, లేదంటే ఇంకో ఇంజిన్ తెచ్చి పెట్టవచ్చు. డబ్బును, కాలాన్ని మింగేవి బాడీ తుప్పు, చిన్న చిన్న అలంకార భాగాలు. క్రోమ్ పట్టీలు, లైట్ల అద్దాలు, డాష్‌బోర్డ్ మీటర్లు, ముందు వెనక గాజులు, తలుపు పిడులు అన్నీ ఉన్న కారు, ఇంజిన్ ఆడకపోయినా, ఇంజిన్ బ్రహ్మాండంగా ఆడుతూ ఇవన్నీ లేని కారు కంటే మంచి బేరం.

తుప్పు చూడటం

కొనేముందు చేసే పరీక్షల్లో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. పాత బట్టలు వేసుకుని, టార్చి, చిన్న స్క్రూడ్రైవర్, గుడ్డలో చుట్టిన అయస్కాంతం పట్టుకుని వెళ్లండి. అయస్కాంతం ఇనుప రేకు మీద గట్టిగా అతుక్కోవాలి. ఎక్కడైనా జారిపోతుంటే ఆ రంగు కింద పుట్టీ మందంగా ఉందన్నమాట.

తుప్పు బయటికి కనిపించే చోట పుట్టదు. నీరూ మట్టీ చేరి ఆరకుండా ఉండే లోపలి మూలల్లో పుట్టి, రేకును తినేసి, చివర్లో బయటికి పొక్కుగా కనిపిస్తుంది. అందుకే బయట రూపాయంత పొక్కు ఉంటే లోపల అరచేయంత దెబ్బ ఉందనుకోవాలి. చూడాల్సిన చోట్లు: తలుపుల కింద ముందు నుంచి వెనక్కి సాగే సిల్స్, కాళ్ల దగ్గరి ఫ్లోర్ (మ్యాట్లు ఎత్తి చూడండి, తడిగా ఉంటే అనుమానించండి), చక్రాల పైనుండే గుల్లలు, డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంట, బ్యాటరీ కింది పళ్లెం, ముందు గాజు రబ్బరు అంచులు, సస్పెన్షన్ బాడీకి బిగిసే చోట్లు.

ఈ చివరిది అన్నింటికన్నా ముఖ్యం. విడిగా ఛాసిస్ ఉన్న కార్లలో ఫ్లోర్ కుళ్లినా ఛాసిస్ గట్టిగా ఉంటే బండి నిలబడుతుంది. ఛాసిస్ విడిగా లేని మోనోకాక్ కార్లలో రేకులే ఎముకలు. వాటిలో సిల్స్ కూడా బరువు మోస్తాయి, కాబట్టి అక్కడ తుప్పు అందం సమస్య కాదు, ప్రాణ సమస్య. తలుపు తెరిచి, కొద్దిగా పైకెత్తి వదిలి మళ్లీ మూయండి. మూసేటప్పుడు అంచు రాసుకుంటే, లేదా తలుపు చుట్టూ ఖాళీ పైనా కిందా ఒకేలా లేకపోతే, కీలు అరిగి అయినా ఉండాలి, బాడీ వంగి అయినా ఉండాలి. టాపు లేని కార్లలో రెండోదే ఎక్కువ.

కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ పూసిన అడుగుభాగం చూసి సంతోషించకండి. అమ్మేముందు పూసిందంటే దాని కింద ఏదో ఉండే ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో, యజమాని అనుమతి తీసుకునే, అక్కడక్కడ నొక్కి చూడండి. గట్టి రేకు టంగుమంటుంది, కుళ్లింది మెత్తగా లోపలికి పోతుంది.

కాగితాలు, నంబర్లు

ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కాగితాల్లో ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. ఇప్పుడు మనం చూసే 17 అక్షరాల నంబరు అమెరికాలో 1981 మోడళ్ల నుంచి తప్పనిసరి అయింది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, ఒక్కో పొడవు. కాబట్టి ఆ మోడల్‌కు నంబరు ఎక్కడ కొట్టారో, ఎన్ని అంకెలుండాలో ముందే తెలుసుకుని వెళ్లండి. ప్లేటు రివెట్లు కొత్తగా మెరుస్తుంటే, అంకెల చుట్టూ గ్రైండర్ ఆనవాళ్లుంటే బేరం అక్కడే ఆపండి. యాజమాన్యం స్పష్టంగా లేని కారు మీద పెట్టే ప్రతి గంటా వృథా కావచ్చు.

చోటు, పనిముట్లు

కారు పట్టే షెడ్డు చాలదు. విప్పిన కారు మూడింతల చోటు అడుగుతుంది. తలుపులు, బానెట్, సీట్లు, ఇంజిన్ అన్నీ విడివిడిగా ఎక్కడో అక్కడ కూర్చోవాలి. వాన పడని, నేల గట్టిగా సమంగా ఉన్న, అర్ధరాత్రి ఎవరూ ఖాళీ చేయమనని చోటు చూసుకోండి.

పనిముట్లు కొనేముందు మీ కారు ఏ మరల జాతిదో తెలుసుకోవాలి. పాత బ్రిటిష్ కార్లలో విట్‌వర్త్, బీఎస్ఎఫ్ కొలతలు, ఆ తర్వాత అంగుళాల యూఎన్ఎఫ్, ఐరోపా కార్లలో మెట్రిక్. సరిపోని స్పానర్ పెట్టి బలంగా తిప్పితే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. పాత ఎంజీ టీ సిరీస్ ఇంజిన్ల వింత ఇంకా ఉంది: బోల్టుల మరలు మెట్రిక్, తలలు మాత్రం విట్‌వర్త్ కొలత. ఇలాంటివి ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో దొరుకుతాయి. మాన్యువల్, విడిభాగాల బొమ్మల పుస్తకం, ఈ రెండూ స్పానర్ కంటే ముందు కొనాలి. ఏ భాగం తర్వాత ఏ వాషర్ వస్తుందో బొమ్మల పుస్తకం చూపించినంత బాగా ఇంకేదీ చూపించదు.

జాక్ ఎత్తడానికి మాత్రమే. జాక్ మీద నిలిపిన కారు కింద తల పెట్టకూడదు. నాలుగు దృఢమైన యాక్సిల్ స్టాండ్లు కొనండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు హఠాత్తుగా పగులుతాయి, వాటిని నమ్మవద్దు. మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచండి.

నిద్ర లేపడం

ఏళ్ల తరబడి ఆగిన ఇంజిన్‌ను బ్యాటరీ తగిలించి వెంటనే సెల్ఫ్ కొట్టడం చాలామంది చేసే పని. అలా చేస్తే లోపల తుప్పు పట్టిన రింగులు సిలిండర్ గోడల్ని గీకేస్తాయి. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా పలుచటి నూనె పోసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో తిప్పండి. మెల్లగా తిరిగితే అదృష్టం. తిరగకపోతే బలం చూపించవద్దు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె, అసిటోన్ సమంగా కలిపి పోసి రోజుల తరబడి నాననివ్వడం పాత మెకానిక్కుల చిట్కా. అసిటోన్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో మంట ఉండకూడదు.

తిరిగాక ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చండి. ట్యాంకులో పాత పెట్రోలు ఈపాటికి జిగురైపోయి ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేసి, మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు విడిగా చిన్న డబ్బాలో కొత్త పెట్రోలు పెట్టి కార్బొరేటర్‌కు పైపు వేయండి. ట్యాంకును తర్వాత కడగవచ్చు. ఖాళీ ట్యాంకు అని వెల్డింగ్ మాత్రం పెట్టవద్దు, లోపలి ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం. ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ఉంటే స్టార్ట్ చేయకముందే మార్చండి.

పెట్రోలు వస్తోంది, అయినా స్పార్క్ సరిగా రాక అంటుకోకపోతే డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు చూడండి. ఆగిపోయిన కార్లలో వాటి మీద పొర కట్టడం మామూలే. సన్నటి ఎమరీ కాగితంతో శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఆడాక, వేడెక్కాక, సిలిండర్లలో ఒత్తిడిని గేజితో కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయండి. ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ తెంచి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ తిప్పాలి. అంకె ఎంత ఉండాలో మాన్యువల్ చెబుతుంది, కానీ సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ఇంకా ఎక్కువ చెబుతుంది. పది పదిహేను శాతం లోపు ఉంటే ఫరవాలేదు. ఒక సిలిండర్ బాగా తక్కువ చూపిస్తే దాంట్లో ఒక చెంచా నూనె పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో.

ఇంధనం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో తయారైన ఇంజిన్లలో ఆ సీసమే ఎగ్జాస్ట్ వాల్వుల సీట్లను, అంటే వాల్వు మూసుకుని కూర్చునే అంచులను కాపాడేది. 2021లో అల్జీరియా ఆపేయడంతో రోడ్డు మీది కార్లకు సీసం పెట్రోలు ప్రపంచమంతటా పోయింది. మెల్లగా నడిపే కారుకు వెంటనే నష్టం లేదు, కానీ హెడ్ ఎలాగూ విప్పినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించుకోవడం మంచిది. ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరు పైపులను మెత్తబరిచి పగలగొడుతుంది. ఇంజిన్ పక్కన పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అన్ని ఇంధన పైపులూ ఇథనాల్ తట్టుకునేవి వేయండి. ఇంజిన్ ఆయిల్ విషయంలోనూ వాల్వుల్ని తెరిచే పాత ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌షాఫ్ట్‌లకు జింకు, భాస్వరం ఎక్కువగా ఉన్న నూనె కావాలి. కాటలిటిక్ కన్వర్టర్లు పాడవకూడదని కొత్త కార్ల నూనెల్లో వీటిని తగ్గించారు. పాత కార్ల కోసమే అమ్మే నూనెలు ఉన్నాయి.

నడవకముందు ఆగాలి

ఇంజిన్ మోగిందంటే కారును ఒక రౌండు తిప్పాలనిపిస్తుంది. బ్రేకులు చేయకుండా వద్దు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ల రబ్బర్లు ఎండిపోయి ఉంటాయి, ఒకటి రెండు నొక్కుళ్లు పనిచేసి మూడోసారి పెడల్ నేలకు పోతుంది. రబ్బరు హోసుల్ని బయట బాగున్నా మార్చండి. లోపల ఉబ్బి, నూనెను వెళ్లనిచ్చి తిరిగి రానివ్వకుండా చేస్తే బ్రేకు పట్టేసి ఉండిపోతుంది. ఇనుప పైపుల్ని గుడ్డతో తుడిచి, తుప్పు గుంటలు కనిపిస్తే కొత్తవి వేయండి.

డాట్ 3, డాట్ 4 బ్రేకు నూనెలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి, రంగును తినేస్తాయి. డాట్ 5 సిలికోన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. పేరు చూసి మోసపోవద్దు, డాట్ 5.1 మళ్లీ మొదటి కుటుంబానిదే. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి డ్రమ్ము విప్పి గాలితో ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

టైరుకు లోతుగా గాడులు ఉన్నా వయసు చూడాలి. 2000 నుంచి పక్కగోడ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి: 3519 అంటే 2019లో 35వ వారం. మూడే అంకెలుంటే ఆ టైరు గత శతాబ్దానిది, షెడ్డులో కారు తోయడానికి తప్ప పనికిరాదు.

ఇప్పుడు విప్పండి, కానీ కొంచెమే

ఒకసారి ఒకే వ్యవస్థ. దాన్ని విప్పి, శుభ్రం చేసి, బిగించాకే రెండోది. విప్పేముందు ఫోను తీసి ఫొటోలు కొట్టండి, మీకు అవసరమనిపించిన దానికి రెండింతలు. దగ్గర్నుంచి కాకుండా, చుట్టుపక్కల భాగాలు కనిపించేలా దూరం నుంచీ తీయండి. ఆరు నెలల తర్వాత ఆ పైపు ఏ వైర్ కిందుగా వెళ్లిందో చెప్పేవి అవే.

బోల్టుల్ని జిప్ సంచుల్లో వేసి, సంచి మీద "ఎడమ ముందు తలుపు, పై కీలు" అని రాయండి. "తలుపు బోల్టులు" అని రాస్తే ఎనిమిది సంచులకూ అదే పేరు వస్తుంది. వీలైనప్పుడల్లా బోల్టును అది వచ్చిన రంధ్రంలోనే వేలితో బిగించి వదిలేయడం ఇంకా మేలు. పాడైన భాగాన్ని కొత్తది బిగించేదాకా పారేయకండి. కొత్తది కొద్దిగా తేడాగా వచ్చినప్పుడు కొలతకు పాతదే ఆధారం.

రేకు పని

మీరు వెల్డింగ్ నేర్చుకోవాలా, చేయించుకోవాలా? సిల్స్, సస్పెన్షన్ చోట్లు లాంటి బరువు మోసే భాగాలు అనుభవజ్ఞులకు ఇవ్వండి. ఫ్లోర్‌లో చిన్న అతుకులు, డిక్కీ గుంటలు నేర్చుకుంటూ చేయవచ్చు. పాత బాడీ రేకు చాలావరకు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. తీగ దానంతటదే వచ్చే ఎంఐజీ వెల్డర్‌లో 0.6 మిల్లీమీటర్ల తీగ వాడి, గీతలా కాకుండా చుక్కలు చుక్కలుగా, ఒకచోట పెట్టి చల్లారేలోపు దూరంగా ఇంకోచోట పెడుతూ పోవాలి. ఒకే చోట వేడి పడితే రేకు అలలు తేలుతుంది. కారు మీద పెట్టేముందు పాడైన ఫెండర్ ముక్కల మీద చేయి తిరగనివ్వండి.

టాపు లేని కారు సిల్ కోసేముందు తలుపు సందుకు అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డ్ చేసి బిగించాలి. లేకపోతే మధ్యలో బాడీ కుంగి, కొత్త సిల్ ఆ వంకరతోనే అతుక్కుంటుంది. ఒక్కో తుది వెల్డింగుకు ముందు తలుపు పెట్టి మూసి చూడండి.

పెయింటు, అండర్‌కోటింగ్, పెట్రోలు పైపులు వెల్డింగ్ దగ్గర ఉండకూడదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మామూలు అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే మొదలుపెట్టండి. చిన్న భాగాల తుప్పు తీయడానికి చాకలి సోడా కలిపిన నీళ్లలో కరెంటు పంపే పద్ధతి చక్కగా పనిచేస్తుంది, కానీ అందులో స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను ఎలక్ట్రోడ్‌గా వాడవద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలో కలుస్తుంది. మామూలు ఇనుము చాలు. వెల్డ్ చేసిన చోట లోపలి గుల్లల్లో మైనం స్ప్రే కొట్టడం మర్చిపోకండి. కొత్త తుప్పు అక్కడే మొదలవుతుంది.

రంగు, వైరింగ్

రంగు గురించి ఒకే మాట: రెండు భాగాలు కలిపే 2కే పెయింట్లలోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి, మామూలు కార్బన్ మాస్కు చాలదు, బయటి గాలి అందించే మాస్కు కావాలి. ఆ సరంజామా లేకుంటే పుట్టీ, రుద్దడం, ప్రైమర్ దాకా మీరు చేసుకుని, చివరి రంగు స్ప్రే బూత్ ఉన్నవాళ్లకు ఇవ్వండి.

వైరింగ్ గురించి చెప్పాల్సింది ఇంకొంచెం ఉంది. 1960ల చివరి దాకా చాలా బ్రిటిష్ కార్లలో బాడీకి బ్యాటరీ పాజిటివ్ వైపు కలిపేవారు. అలవాటు కొద్దీ నెగటివ్ కలిపితే డైనమో, రేడియో లాంటివి పాడవుతాయి. ముందే చూసుకోండి. పాత బీటిల్స్‌లో 6 వోల్టుల వ్యవస్థ ఉండవచ్చు. గుడ్డ చుట్టిన పాత వైర్లు వంచితే పగిలేలా ఉంటే అతుకులు వేయవద్దు, మొత్తం హార్నెస్‌ను (వైర్ల కట్టను) మార్చండి. లైట్లు మసగ్గా వెలుగుతుంటే చాలాసార్లు తప్పు వైరుది కాదు, బాడీకి కలిపే ఎర్త్ చోట తుప్పుది. శుభ్రంగా గీకి బిగించండి.

మొదటి కిలోమీటర్లు

మొదటి ప్రయాణం పగటిపూట, ఇంటికి దగ్గర్లో, ఖాళీ రోడ్డు మీద. ముందు నిలిపి ఉన్న కారులోనే బ్రేకు పెడల్‌ను గట్టిగా నొక్కి, ఒక నిమిషం అలాగే పట్టుకుని చూడండి. మెల్లగా కిందికి జారితే బయలుదేరకండి. స్టీరింగ్ చివరి నుంచి చివరికి తిప్పండి, చక్రం ఏదైనా పైపుకు తగులుతోందేమో చూడండి. కొద్ది దూరం వెళ్లి ఆగి, చేయి తగలకుండా దగ్గరగా పెట్టి ఒక్కో చక్రం డ్రమ్ము వేడి గమనించండి. ఒకటి మిగిలినవాటికన్నా బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేసి ఉంది.

ఇంజిన్ ఓవర్‌హాల్ చేసి ఉంటే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఒకే వేగంతో నడపకుండా, వేగం మారుస్తూ నడపండి. అప్పుడే రింగులు సర్దుకుంటాయి. ఆ తర్వాత ఆయిల్ మార్చి, పాత ఆయిల్‌లో మెరిసే రజను ఎంత ఉందో అయస్కాంతంతో చూడండి. చక్రాల నట్లు, హెడ్ బోల్టులు, సస్పెన్షన్ బోల్టులు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు మళ్లీ బిగించండి. కారు నిలిపిన చోట నేలపై అట్టముక్క పరచి, మర్నాడు పొద్దున దాని మీద ఏ రంగు చుక్కలున్నాయో చూసి, ఏ గాస్కెట్ ముందు విప్పాలో నిర్ణయించుకోండి.